తొలివాయి

తెలుగువాళ్ళు పొట్టకూటికి వలసవచ్చిన హిందీ ఊళ్ళో, గోల్‌మురి మార్కెట్ మలుపులో, తవిటమ్మ ఇడ్లీ బండి దగ్గర రోజూ పొద్దున్న ఆరింటికి నలుగురైదుగురు మగవాళ్ళు తిని, చేతులు కడుక్కుని, డబ్బివ్వకుండా వెళ్ళిపోతారు. వెళ్ళేముందు ఒక్కొక్కరూ జేబు తడుముకుంటారు. వాళ్ళు నోరు తెరవకముందే తవిటమ్మ అంటుంది:

“నా కాడ సిల్లర నేదు బాబూ, రేపిద్దువు గాని ఎల్లు.”

ఆ రేపు పదకొండేళ్ళుగా రాలేదు. రావాలని ఆవిడ కోరుకోనూ లేదు.

వాళ్ళు కూలీల అడ్డా లేబర్ చౌక్‌లో నిలబడే రోజుకూలీలు. ఆరున్నరకల్లా పని కాంట్రాక్టు పట్టిన ఠేకేదార్లు వచ్చి, సంతలో ఎడ్లను చూసినట్టు మనుషుల్ని ఎగాదిగా చూసి, పనికొచ్చేవాణ్ణి వేలు చూపించి పిలుస్తారు. తిండిలేని మొహాన్ని ఠేకేదారు దూరంనుంచే పసిగడతాడు. ఆ మొహాన్ని పిలవడు. తవిటమ్మ భర్త అసిరయ్య ఇరవై ఏళ్ళు ఆ చౌక్‌లో నిలబడ్డవాడు. పని దొరకని రోజు బాధ రెండు రోజుల్లో పోతుందనీ, తన కడుపు ఖాళీ అని పక్కవాడికి తెలిసిన రోజు మాత్రం జన్మంతా గుర్తుంటుందనీ అనేవాడు. ఆయన పోయాక తవిటమ్మ బండి పెట్టింది. తొలివాయి ఇడ్లీ చౌక్‌కి వెళ్ళేవాళ్ళకి, రెండో వాయి నుంచి వ్యాపారం. ఈ పద్ధతి ఆవిడ ఎవరికీ చెప్పలేదు. దానం, ధర్మం అన్న మాటలు ఆ బండి దగ్గర ఒక్కసారీ వినపడలేదు.

ఈ సంగతి తెలిసిన మనిషి కూతురు పద్మశ్రీ ఒక్కతే. సాయంత్రం బిష్టుపూర్‌లో తను పనిచేసే చీరల దుకాణం నుంచి రాగానే పిండి రుబ్బేది ఆ అమ్మాయే. పోయిన ఏడాది రోడ్డుకి అవతల అద్దాల తలుపులతో, చల్లగాలి మిషనుతో కొత్త టిఫిన్ సెంటర్ వెలిసింది. అప్పటినుంచి పది వాయిలు పోయే బండి మీద నాలుగోది కూడా మిగిలిపోతోంది.

“కొన్నాళ్ళు తొలివాయి ఆపుదామే అమ్మా. బండే మూతపడితే వాళ్ళకి మాత్రం ఏం పెడతావు?”

“అది ఆపితే ఈ బండి ఎందుకే నాకు? నువ్వు సీరలమ్ముతన్నావు కదా, అయ్యే కట్టుకుని అయ్యే తిందుము.”

తల్లి ఆపదు. ఆపకుండా బండి నిలవాలంటే గిరాకీ పెరగాలి. అప్పుడే పద్మశ్రీకి సౌరభ్ గుర్తొచ్చాడు. దుకాణానికి పండగ చీరల వీడియో చేసిన కుర్రవాడు. ఊళ్ళో తిండి బళ్ళ గురించి అతను పెట్టే వీడియోలు లక్షలమంది చూస్తారు. అడగ్గానే ఒప్పుకున్నాడు. “పైసే కీ బాత్ మత్ కీజియే దీదీ, డబ్బు మాటెత్తకండి, మా నానమ్మ లాంటిది మీ అమ్మ,” అన్నాడు.

సౌరభ్ చెడ్డవాడు కాదని ముందే చెప్పాలి. చెడ్డవాడైతే ఈ కథ చెప్పుకోవడం తేలిక.

అతను ఆరు కాకముందే స్కూటర్ మీద వచ్చాడు. తవిటమ్మ కాళ్ళకు దండం పెట్టాడు. పద్మశ్రీ ముచ్చటపడి రాయించిన కొత్త బోర్డు మెరుపు కొడుతోందని దింపించాడు. తవిటమ్మ కట్టుకున్న పండగ చీర మార్పించి, నిన్నటి వెలిసిపోయినదే బాగుందన్నాడు. వెలుతురు కోసం పద్మశ్రీ చేతికి చిన్న బ్యాటరీ దీపం ఇచ్చి కెమెరా వెనక నిలబెట్టాడు.

“ఏటి బాబూ, పెళ్ళిసూపులకి ముసలిదాన్ని కూకోబెట్టి పిల్లని దాసేత్తన్నావు!” అంది తవిటమ్మ. పద్మశ్రీ ఆ మాట హిందీలో చెబితే సౌరభ్ పగలబడి నవ్వాడు. ఆవిడా నవ్వింది. ఆ నవ్వు వీడియోలో లేదు.

మూత తీశారు. తొలివాయి ఆవిరి లేచింది. కూలీలు వచ్చారు, తిన్నారు. వాళ్ళలో భీమారావు ఒకడు. ఓ మేస్త్రీ కింద ఇటుకలు అందించే మనిషి, తవిటమ్మను సొంత అక్కలా ‘అప్పా’ అని పిలుస్తాడు. చేతులు కడుక్కుని అలవాటుగా జేబు తడుముకున్నాడు. తవిటమ్మ అలవాటుగా రేపిమ్మంది.

“వీళ్ళు డబ్బివ్వలేదేంటి ఆంటీజీ?” అని హిందీలో అడిగాడు సౌరభ్.

భీమారావు రెండడుగుల దూరంలో తువ్వాలుతో చేతులు తుడుచుకుంటున్నాడు.

“కల్ దేగా బేటా, కల్,” అంటూ హిందీలోనూ రేపే అంది తవిటమ్మ.

“రోజూ ఇలాగేనా?”

ఆవిడ తల వంచుకుని రేకుల్లో పిండి పోసింది. దీపం పట్టుకున్న పద్మశ్రీకి జవాబు తెలుసు. భీమారావు ఎదుట చెప్పలేక, తర్వాత చెబుదాములే అనుకుంది. ఇంతలో రెండో వాయికి మనుషులొచ్చారు. ఆ వెనకే ఆమె పనికెళ్ళే బిష్టుపూర్ ఆటో వచ్చింది. ఆ ‘తర్వాత’ అన్నది మళ్ళీ రాలేదు.

రెండు రోజులకి వీడియో వచ్చింది. నిమిషన్నర. రంగులన్నీ తగ్గించి బూడిద రంగు వేశాడు. వెనక ఏడుపు వేణువు. ఈ అమ్మకి నా అన్నవాళ్ళు లేరు, తిన్నవాళ్ళు డబ్బివ్వరు, రోజూ రేపంటారు, ఈ తల్లి పన్నెత్తి మాటనదు అని సౌరభ్ గొంతు బరువుగా చెప్పింది. జేబు తడుముకుంటున్న భీమారావు చెయ్యి నెమ్మదిగా మూడుసార్లు కనపడింది. మూడోసారి మొహం కూడా. పదకొండు లక్షలమంది చూశారు. మనలోనూ కొందరు చూసే ఉంటారు. కళ్ళు తుడుచుకుని నలుగురికి పంపే ఉంటారు.

జనం వచ్చారు. పద్మశ్రీ కోరుకున్నట్టే వచ్చారు. తినడానికి మాత్రం కాదు. అగ్రికో కాలనీ నుంచి కారులో వచ్చిన దంపతులు తవిటమ్మ చేతిలో నోటు పెట్టి, ఆ చెయ్యి పట్టుకుని ఫొటో దిగారు.

“ఇడ్లీ తినండమ్మా,” అంది ఆవిడ తనకొచ్చిన హిందీలో.

“టిఫిన్ చేసి వచ్చాం ఆంటీ, మీరుంచుకోండి.”

“తినకపోతే నాకెందుకు?” అని ఆవిడ నోటు తిరిగివ్వబోయింది. ఎంత అభిమానమో చూశారా అంటూ వాళ్ళు అదీ ఫొటో తీసుకున్నారు. తర్వాత ఆ భార్య పద్మశ్రీని, పక్కింటి అమ్మాయివా, పాపం సాయం చేస్తున్నావా అనడిగింది. కూతుర్నని చెబితే పైనుంచి కిందికి చూసి, “కూతురుండి కూడానా!” అంది.

మర్నాడు తొలివాయి దగ్గర ఎవడో ఫోన్ ఎత్తిపట్టి కాచుకున్నాడు. భీమారావు రెండో ఇడ్లీ తుంచగానే, “పైసే నికాల్, చోర్!” అని, డబ్బు తియ్యమని, దొంగ అని కేకేశాడు. తవిటమ్మ గరిటె పట్టుకుని వాడి మీదికి వెళ్ళింది. ఆవిడ తిరిగి చూసేసరికి, సగం తిన్న ప్లేటు బండి మీద ఉంది. భీమారావు లేడు. ఆ మర్నాడు ఎవరూ రాలేదు.

పద్మశ్రీ సౌరభ్ దగ్గరికి పరుగెత్తి, తొలివాయి సంగతంతా చెప్పింది. అతను నిజంగానే ఆశ్చర్యపోయాడు. ఏడుపు లేకపోతే ఎవరు చూస్తారు దీదీ, జనం రావాలనేగా అడిగారు అన్నాడు. ఆమె ఏడుస్తుంటే ఆ వీడియోను తన పేజీలోంచి తీసేశాడు. అప్పటికే పాతిక పేజీలు దాన్ని ఎత్తుకుపోయాయి. కాసేపు ఆలోచించి అతని మొహం వెలిగింది. “ఇంకో వీడియో చేద్దాం. నేనే వాళ్ళకి ఉచితంగా పెడతానని ఆంటీ చెప్పాలి. ఇంతకన్నా బాగా ఆడుతుంది!”

ఇంటికొచ్చి ఆ మాట చెబితే తవిటమ్మ నానబోసిన పప్పు పక్కకి నెట్టింది.

“ఆళ్ళు దొంగలు కారని సెప్పాలంటే, ధర్మానికి తిన్నారని సెప్పాల. ఏ మాట సెప్పమంటావే? ఒకటి జైలు మాట, ఒకటి బిచ్చం మాట. రెండూ కాకూడదనే కదా నేను రేపు రేపంటా ఇన్నేళ్ళు నెట్టుకొచ్చినాను.”

పద్మశ్రీ ఆ పప్పు తీసుకుని రుబ్బడానికి కూర్చుంది.

వారం తర్వాత భీమారావు వచ్చాడు. ఆరింటికి కాదు, పదింటికి, బండి సర్దే వేళకి. దుకాణం సెలవు రోజు, పద్మశ్రీ కూడా బండి దగ్గరే ఉంది. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. చేతిలో మడత నోటు.

“కూకో తమ్ముడా, ఒక ఇడ్లీ తిను.”

“తినను అప్పా. అమ్మాయీ, నీ ఫోన్ తియ్. నేను అప్పకి డబ్బులిత్తన్నట్టు ఒక వీడియో తియ్.” అతను మడత నోటు విప్పి సాపు చేశాడు. “మా గుంటడు బడికి ఎల్తలేదు. ‘నీ బాపు ఇడ్లీ చోర్’ అంతన్నారంట. ఇది ఆడికి సూపించాల.”

“ఏటి రా ఈ మాట! నా కాడ...” అని తవిటమ్మ మొదలుపెట్టి ఆగిపోయింది. చిల్లర లేదన్న పాత మాట ఇప్పుడు ఆడటానికి లేదు.

పద్మశ్రీ ఫోన్ ఎత్తింది. భీమారావు నోటు చాచి, అక్కర్లేనంతసేపు అలాగే పట్టుకుని, కెమెరా వంక చూసి, “ఇదిగో, ఇత్తన్నాను” అన్నాడు. పదకొండేళ్ళలో మొదటిసారి తొలివాయికి డబ్బు తీసుకుంది తవిటమ్మ. అతను వెళ్ళిపోయాక ఆ నోటు పెట్టెలో వేయడానికి ఆవిడ చెయ్యి రాలేదు. కొంగున ముడివేసుకుంది.

ఆ వీడియోలో వేణువు లేదు, కన్నీళ్ళు లేవు. పద్మశ్రీ దాన్ని భీమారావుకి పంపి, తన పేజీలోనూ పెట్టింది. ముప్ఫై ఏడుసార్లు ఆడింది. అందులో సగం సార్లు పద్మశ్రీయే.

భీమారావు కొడుకు మళ్ళీ బడికి వెళ్ళాడో లేదో వాళ్ళకు తెలియలేదు. నోట్లు పెట్టే జనం నెల తిరక్కుండా ఇంకో వీడియోలోని ఇంకో ముసలమ్మ దగ్గరికి వెళ్ళిపోయారు. ఆ రద్దీ పడలేక అద్దాల తలుపుల టిఫిన్ సెంటర్‌కి వెళ్ళిన పాత గిరాకీ తిరిగి రాలేదు. తవిటమ్మ మాత్రం ఇప్పటికీ ఆరింటికి తొలివాయి దింపుతుంది. రోడ్డు అవతల పక్కనుంచి కూలీలు చౌక్‌కి నడిచిపోతుంటారు. ఎవరూ ఇటు చూడరు. ఆవిడ పిలవదు, పిలిస్తే పదిమందీ చూస్తారు. ఆరున్నరకి ఆ ఇడ్లీలు పక్కకి తీసి, రెండో వాయికి రేకులు కడుగుతుంది.

చల్లారిన ఆ ఇడ్లీలను డబ్బాలో సర్దుతున్నప్పుడల్లా పద్మశ్రీకి ఆ రోజు తన చేతిలోని దీపం గుర్తొస్తుంది. వెలుతురు పట్టింది తనే. ఆమె ఆలస్యంగా తెలుసుకున్నది మనం ముందే తెలుసుకోవాలి. పేదవాడి లేమిని అతన్ని అడగకుండా నలుగురి ముందూ పెట్టడం సాయం కాదు, అతని దగ్గర మిగిలిన ఒక్క మర్యాదనూ దోచుకోవడం; ఆ దోచుకున్నది తిరిగి ఇవ్వడం ఎవరివల్లా కాదు.