కాశయ్య నుదుటి మీద తెల్లమచ్చ

మా నవత కప్పుల మీద ఫోటోలు అచ్చువేసే మిషను తెచ్చింది శ్రావణమాసం ముసురులో. నవత నా కొడుకు బిడ్డ. ఖమ్మంలో ఒక దుకాణంలో కూర్చుని పని చూసి వచ్చి, ఇల్లందులో మా ముందు గదిలోనే పెట్టుకుంది. మిషనంటే పెద్దదేమీ కాదు, కప్పును కావలించుకుని పట్టుకునే వేడి పట్టా. ఫోటోను తిరగేసి కాగితం మీద అచ్చు తీసి, కప్పుకు చుట్టి, టేపు అంటించి అందులో బిగించాలి. వేడికి కాగితం మీది రంగు ఆవిరై కప్పు మీది పూతలోకి దిగుతుంది. నేను బడికి పోయినదాన్ని కాదు గానీ, పక్కన కూర్చుని వినీ వినీ నాకూ నోటికి వచ్చేసింది.

మొదటి బేరం మా పక్కింటి కాశయ్యది. బొగ్గుబావిలో పని చేసి ఆదివారం రిటైరవుతున్నాడు. తన ఫోటో ఉన్న కప్పులు తోటివాళ్లకు పంచాలని అతని ముచ్చట. పెళ్లి కొత్తలో అతను షిఫ్టు దిగి వస్తుంటే మసికి కళ్లు తప్ప ఏమీ కనిపించేవి కావు. చూడవచ్చిన మామ అల్లుణ్ణి గుర్తుపట్టక, వెనకాల వస్తున్న తోటి పనివాడు పగిడయ్య చేతులు పట్టుకుని క్షేమం అడిగాడు. ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతాం.

నవత అన్న రాంబాబుకు ఈ పని మీద నమ్మకం లేదు.

"కాశయ్య బాపు కప్పులు మంచిగొస్తే సరే. లేకుంటే సోమవారం మిషను వాపస్. నువ్వు హైదరాబాద్‌ల ప్యాకింగ్ పనికి పో" అన్నాడు.

నవతకు ఊరు విడిచిపోవడం ఇష్టం లేదని నాకు తెలుసు.

మొదటి కప్పు వెలిసిన చీరలా వచ్చింది. వేడి పెంచితే కాశయ్య ముఖం గోధుమ రంగుకు తిరిగింది. తగ్గించి, సమంగా బిగిస్తే రంగు కుదిరింది గానీ అంచులు చెమ్మ పట్టినట్టు పాకాయి. కాగితం ముసురుకు మెత్తబడిందని, పొయ్యి పక్కన పెట్టి వెచ్చజేసింది. అంచులు బాగయ్యాయి. కానీ నుదుటి మీద మాత్రం ఒక తెల్లమచ్చ. ఇంకో కప్పు వేసింది. అక్కడే మచ్చ.

రాంబాబు తొంగిచూశాడు. "ఏందే, బాపుకు విభూతి పెట్టినవా?"

"నవ్వకన్నా. నాకు ఏడుపొస్తాంది" అంది నవత.

ఇక మిషను ఆపేసి, అచ్చు వేయని కప్పునొకదాన్ని వాకిట్లోకి తీసుకుపోయి వెలుతురుకు అడ్డంగా తిప్పింది. నున్నటి కప్పు మీద ఒకచోట మెరుపు మందగించి ఉంది. దాని మీద తన వేలు పెట్టి చూసుకుంది.

"నాయనమ్మా, ఇది వేలు గుర్తు! ఈ కప్పులు ఎవరు ముట్టిన్రు?"

వంటింట్లోంచి నా చిన్నబిడ్డ జంపక్క వచ్చింది. "ఎవరో ఏంది? నేనే. కొత్త సామానుకు బొట్టు పెట్టకుండ ఎట్ల వాడుతరే? పసుపు నిలుస్తలేదని జరంత నూనె కలిపిన. నీకిచ్చేటప్పుడు తుడిసే ఇచ్చిన గద!"

"పసుపు పోయింది గానీ నూనె పోలేదత్తా. నూనె ఉన్న కాడ రంగు దిగది."

జంపక్క ముఖం మాడ్చుకుంది. "అయితే నా బొట్టు వద్దంటవ్. రేపు కప్పు పగిలితే నన్ననకు."

"వద్దంటలేను. అడుగుకు పెట్టు. ఆడ ఫోటో రాదు."

జంపక్క కప్పును బోర్లించి చూసింది. "ముడ్డికి బొట్టు పెట్టుడేందే, సిగ్గు లేకుండ!"

నాకు నవ్వాగక పొలమారింది. రాంబాబు కూడా నవ్వాడు. నవ్వినవాడు ఊరుకోలేదు. వానలో తడుస్తూ పోయి స్పిరిట్ సీసా తెచ్చి చెల్లెలి ముందు పెట్టాడు. మిగిలిన కప్పులన్నీ వేడినీళ్లతో కడిగి, ఆరబెట్టి, స్పిరిట్‌తో తుడిచారు. జంపక్క గొణుగుతూనే ఒక్కో అడుగుకూ బొట్టు పెట్టింది.

ఈసారి నుదురు శుభ్రంగా వచ్చింది. ఎంత శుభ్రంగానంటే, కనుబొమ మీద కాశయ్యకున్న నీలిగీత కూడా దిగింది. బావిలో పైకప్పు కూలినప్పుడు తగిలిన దెబ్బ అది. మానేటప్పుడు లోపల బొగ్గు ఉండిపోయి నీలంగా మిగిలింది. నవతకు భయం పట్టుకుంది. ఇంతసేపూ మచ్చ కప్పేసిన ఆ గీత ఇప్పుడు అందరికీ కనిపిస్తుంది. చెరిపేద్దామా అని అడిగింది. మరోసారి అచ్చు తీసే వ్యవధి లేక అలాగే పంపింది.

ఆదివారం కాశయ్య భార్య బతుకమ్మ ఆ కప్పు చూసి, "ఆ గీత తీసేయకపోయినవా బిడ్డా?" అంది.

కాశయ్య కప్పును దగ్గరకు తెచ్చుకుని గీత మీద వేలు పెట్టి చూశాడు. "ఉండనియ్యే. గీతుంటేనే నేను" అన్నాడు. పక్కనున్న పగిడయ్యకు చూపించాడు. "నన్ను రాళ్ల కింద నుంచి గుంజింది వీడే."

పగిడయ్య కళ్లు తుడుచుకుని, "నాదీ ఒకటి చెయ్ బిడ్డా, వీని పక్కన నిలబడ్డది" అన్నాడు.

సోమవారం తెల్లవారి లేచి చూస్తే, రాంబాబు స్టూలెక్కి మిషనుకు వేరే వైరు లాగుతున్నాడు.

"హైదరాబాద్ బస్సుకు టైమయితలేదా?" అని అడిగింది నవత.

"స్క్రూడ్రైవర్ అందియ్యవే ముందు" అన్నాడు.