అడ్డంగా పట్టిన కర్ర

అసలు మండపేట మొత్తం మీద, మండపేటేంటి, అటు తుని నుంచి ఇటు తణుకు దాకా, జపానువాళ్ళ బంతాట అంతు తెలిసిన మగాడు ఒక్కడే, వాడు ఈ అప్పాజీ, అనుకున్నాడు అప్పాజీ, అనుకుని టీవీ సౌండు ఇంకో రెండు గీతలు పెంచాడు, తనకి చెవుడొచ్చి కాదు, పక్కింటి సూర్యప్రకాశం మాస్టారు గోడవతల అరుగు మీద పడక్కుర్చీలో కూచుని పేపరు చదువుతున్నట్టు నటిస్తూ ఉంటారని, ఆయన చెవిన పడాలని, టీవీలో జనం బూరలు ఊదుతున్నారు, డప్పులు కొడుతున్నారు, అమ్మవారి జాతరకి ఒక్క గరగలు తక్కువ, ఎలా నేర్చావు అప్పాజీ ఈ ఆట అని టీ కొట్లో ఎవరైనా అడిగితే చాలు, రైసుమిల్లులో ఫిట్టరుగా ఉన్న రోజుల్లో బియ్యం పాలిష్ పట్టే కొత్త మిషను బిగించడానికి జపాను ఇంజనీరు దిగాడనీ, వాడే కర్ర చేతికిచ్చి నేర్పాడనీ, మొదటి దెబ్బకే బంతి కాలవ దాటి అవతలి గట్టున మేస్తున్న గేదె వీపు మీద పడిందనీ చెప్పేవాడు, చెప్పిన ప్రతిసారీ కాలవ ఇంకాస్త వెడల్పయ్యేది, ఒకసారి ఆ దెబ్బకి గేదె ఈనింది కూడా.

అబద్ధమేలే, ఇంట్లో ఒక్కడే ఉన్నప్పుడు కూడా అబద్ధమాడితే నిజానికిక చోటెక్కడ, ఇంజనీరు వచ్చిన మాట నిజం, రెండో రోజే మా ఆవిడ చిట్టెమ్మ పంపిన ఆవకాయ తిని కడుపు పట్టుకుని కాకినాడ పరిగెత్తిన మాటా నిజం, బంతీ లేదు, కర్రా లేదు, గేదె ఎవరిదో తెలీదు, ఆటని పొర పొరా విప్పి చెప్పింది మాస్టారే, కోనసీమ తుఫాను వెళ్ళిన మరుసటేడు కేబులు భీమరాజు కొత్త డిష్షు పెట్టి, మధ్యాహ్నం పూట ఎలాగూ ఊరంతా పడుకుంటుంది కదా అని ఊరికే వచ్చే జపాను చానలొకటి వదిలేసేవాడు, కలర్ టీవీ ఉన్నది తన ఇంట్లో, మాస్టారింట్లో ఉన్నది దూరదర్శన్ తప్ప ఇంకేమీ ఎరగని పాత డబ్బా, అందుకని భోజనం కాగానే కండువా దులుపుకుంటూ ఈయన ఇటు వచ్చేసేవారు, ముక్క అర్థం కాని ఆ భాషలో ఆటని చూసి చూసి ఓ రోజు తొడ చరిచి, ఏమీ లేదయ్యా అప్పాజీ, ఇది మన నాలుగు స్తంభాలాటే, బంతిని కొట్టి పరిగెత్తాలి, మూలమూలా తొక్కుకుంటూ తిరిగొచ్చి ఇల్లు చేరితే ఒకటి అన్నారు, అంకెలు మనవే కాబట్టి లెక్క కుదిరింది, ఆ గీతల చొక్కాలవాళ్ళు ఎప్పుడు చూసినా ఓడిపోతున్నారు, పాపం వాళ్ళకి మనం తప్ప దిక్కెవరయ్యా అని జట్టుని కూడా ఎంచింది మాస్టారే.

ఇవాళ ఆ గీతల చొక్కాలే, ఎదురుగా నల్లటోపీలు, ఈ ఏడంతా వీళ్ళని బియ్యంలో రాళ్ళు ఏరినట్టు ఏరి పారేసిన నల్లటోపీలు, రెండుకి రెండు, తొమ్మిదో వంతు, ఇదే ఆఖరిది, కొట్టే వంతు మనది, చూశారా మాస్టారూ అని నోటిదాకా వచ్చింది, పక్కన ఎవరూ లేరు, ఎవరూ లేకపోతేనేం అని తనే గొంతు సన్నంగా చేసి, చూస్తున్నానయ్యా, తొందరపడకు అని మాస్టారిలా జవాబు చెప్పుకున్నాడు, వేసవి నుంచీ ఇదే తంతు, ప్రశ్న తనదే జవాబూ తనదే, రెండు పాత్రలూ ఒకడే వేస్తే నాటకం ఎన్నాళ్ళు ఆడుతుంది, అట్లతద్ది కూడా వెళ్ళిపోయింది, ఈ వారమో పై వారమో జపానులో ఆటలు ఆగిపోతాయి, మళ్ళీ మామిడిచెట్లు పిందెలేసే దాకా ఉండవు, ఇవాళ ఆ మనిషిని కదిలించకపోతే ఇంక ఏం సాకు పెట్టుకుని పిలవాలి, మా ఇద్దరి వయసుకీ మామిడికాయల దాకా వాయిదాలేంటి, అట్లతద్దినాడు మాస్టారి భార్య అమ్మాజీగారు ఆకులో అట్లు పెట్టి గోడ మీద ఉంచి, ఇక్కడ పెట్టానండి అన్నయ్యగారూ అంటే మాస్టారు అక్కడే ఉండి కూడా జామచెట్టుకేసి చూస్తూ నిలబడ్డారు, చెట్టున కాయల్లేవు, ఏం చూస్తున్నట్టు.

పొట్టి గిడస మనిషి మూడో మూల మీద ఉన్నాడు, బొజ్జా నడకా చూసి వాడికి మిల్లు ఓనరు అని పేరు పెట్టింది మాస్టారు, ఇంకొక్క మూల, ఇల్లు చేరితే గెలుపు, కర్ర పట్టుకుని వచ్చినవాడు సన్నగా కరెంటు స్తంభాలెక్కే ఏసుపాదంలా ఉంటాడు కాబట్టి వాడు ఏసుపాదం, ఆ పేరు పెట్టింది తను, విసిరేవాడు కొబ్బరిచెట్టంత పొడుగు, టోపీ సర్దుకుంటాడు, నేల తన్నుకుంటాడు, విసరడు, ఓల్టేజీ పడిపోయి బొమ్మ నాలుగు పక్కలా ముడుచుకుపోతోంది, స్టెబిలైజరు తుమ్మెదలా రొద పెడుతోంది, ఉండమ్మా కరెంటు తల్లీ, ఒక్క బంతి, ఏసుపాదం కర్ర ఎత్తి పట్టుకున్నాడు, మొన్న వేసవిలో ఇలాంటి చోటే కదూ గొడవంతా, అప్పుడు వీడే కర్రని అడ్డంగా పట్టుకుని బంతిని అలా తాకించి కాళ్ళ ముందు పడేశాడు, మూల మీదివాడు ముందుకెళ్ళాడు, వీడు అవుటైపోయి తలొంచుకు వెనక్కొచ్చాడు, తనకి నవ్వాగలేదు, కర్రిచ్చి పంపితే చంటిపిల్ల బుగ్గ తాకినట్టు తాకి వస్తాడేంటండి మాస్టారండీ, వీడి జీతం దండగ కాదూ అంటే, దాన్ని త్యాగమంటారయ్యా, ఇంకొకడిని ముందుకు పంపడానికి తను అవుటయ్యాడు అన్నారాయన పాఠం చెప్పినట్టు, చేతకానివాడికల్లా ఆ మాటొకటి దొరికిందండి, మీ హెడ్మాస్టరు కుర్చీ ఇంకొకాయన తన్నుకుపోతే మీరూ అదే అన్నారు కదా అన్నాడు తను, వేళాకోళానికే అన్నాడు, నాలుక అలవాటు అది, మాస్టారి మొహం మాత్రం చాక్‌పీసులా అయిపోయింది, లేచి నిలబడి, ఒకరి కోసం ఇంకొకరు అవుటవడం నీకెలా తెలుస్తుందిలే అప్పాజీ, నీ ఇంట్లో రెండో మనిషంటూ ఉంటే కదా అని, సగం తాగిన మజ్జిగ గ్లాసు కింద పెట్టి వెళ్ళిపోయారు, చిట్టెమ్మ పోయి ఎన్నేళ్ళో అయినా ఆ రోజే పోయినట్టయింది, పిల్లలు లేని ఇల్లు, గోడలు కూడా ఆ మాటని కాసేపు పట్టుకుని మెల్లిగా వదిలాయి.

విసురుతున్నాడు, కొబ్బరిచెట్టు చెయ్యెత్తాడు, ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉండగా తెర మీద ఎవరో పిల్ల కొబ్బరితోటలో గిరగిరా తిరుగుతూ పాట పాడుతోంది, కింద పువ్వులు పరిచి పైన ఈయనెవరో తెల్లబూట్లు, దీపాలు పెట్టే వేళయితే భీమరాజు జపాను తీసేసి సినిమా పాటలు వేస్తాడు, ఉన్నది ఒక్క రిసీవరు మరి, తెలిసిందే, తెలిసి కూడా చెప్పులు వేసుకోకుండా వీధిలోకి పరిగెత్తాడు, పరిగెత్తాడంటే ఈ మోకాళ్ళతో ఎంత పరుగో అంత, ఎదురు కిరాణా కొట్టు మేడ మీద గది భీమరాజుది, ఒరేయ్ భీమరాజూ, జపాను పెట్టరా అని కింద నుంచి కేకేస్తే కిటికీలోంచి తల పెట్టి, ఒక్క పాట బాబాయ్, మిల్లు కాలనీ ఆడాళ్ళు ఫోన్ల మీద ఫోన్లు, ఇదవగానే పెడతా అంటాడు, ఇదయ్యేసరికి అదయిపోతుందిరా, మిల్లు ఓనరు మూడో మూల మీదున్నాడు అంటే, సైకిలు మీద పోతున్న మిల్లు గుమస్తా దిగి, ఓనరుగారికి ఏమైందండి అని కంగారు పడ్డాడు, ఏం కాలేదయ్యా బాబూ, ఇల్లు చేరాలి అంతే, ఇంట్లోనే ఉన్నారండి ఇందాక చూసొచ్చాను అంటాడు వాడు, ఇంక వాడికేం చెప్తాం, పోనీ ఒక్క నిమిషం పెట్టరా, నీకు పుణ్యముంటుంది అన్నాడు పైకి చూసి, ఎప్పుడూ ఎవరినీ ఏదీ అడగని గొంతు అలా అడుగుతుంటే తనకే వింతగా ఉంది, పెడతా పెడతా, అయిపోవచ్చింది, చరణంలో ఉంది అంటాడు భీమరాజు, ఇటు తిరిగితే మాస్టారు అరుగు మీద, పేపరు మొహానికి అడ్డం, పేపరు తలకిందులుగా ఏమీ లేదు, కానీ ఆ వెలుగులో అక్షరాలెలా కనిపిస్తాయి ఎవరికైనా.

లోపలికొచ్చేసరికి బొమ్మ జపానులో ఉంది, గీతల చొక్కాలన్నీ ఒకదాని మీద ఒకటి పడి దొర్లుతున్నాయి, ఎవడెవడో తెలీదు, ఏసుపాదం ఎక్కడో అడుగున ఉన్నట్టున్నాడు, మిల్లు ఓనరు టోపీ పోయి బట్టతలతో ఏడుస్తున్నాడు, అంకెల బల్ల మీద మూడు, పక్కన రెండు, గెలిచారు, గెలిచారు మాస్టారూ అన్నాడు, సన్నటి గొంతుతో జవాబు చెప్పుకోబోయాడు, రాలేదు, ఇన్నాళ్ళూ అడగ్గానే వచ్చే గొంతు ఇవాళ రాలేదు, ఓడినన్నాళ్ళూ ఒక్కడే కూచున్నా పరవాలేదు, ఓటమి మడిచి మంచం కింద పెట్టుకోవచ్చు, గెలుపుకి ఇంకో మనిషి కావాలి, చిట్టెమ్మ ఉంటే వంటింట్లోంచే, గెలిస్తే గెలిచారు గానీ దీపం పెట్టండి అనేది, ఆ మాత్రం చాలు, తెర మీద కాగితాల ముక్కలు వానలా కురుస్తున్నాయి, వేలమంది ఒకళ్ళ భుజాల మీద ఒకళ్ళు చేతులేసుకుని ఊగుతున్నారు, ఈ గదిలో ఊగేది ఫ్యానొక్కటే.

గోడ దగ్గరికెళ్ళాడు, మాస్టారండీ అన్నాడు, పేపరు కదల్లేదు, మనవాళ్ళు గెలిచారండి అన్నాడు, పేపరు కొద్దిగా దిగింది, ఎంతకి అన్నారు మాస్టారు, వేసవి తర్వాత మొదటి మాట అది, మూడుకి రెండండి, నల్లటోపీల మీదా, వాళ్ళ మీదేనండి, ఊఁ, ఎలా గెలిచారు, అదిగో ఆ ప్రశ్న, దాని కోసమే పుట్టినట్టు నాలుక లేచి కూచుంది, బంతి ఆకాశానికి వెళ్ళిందని చెప్పాలి, జనం మీంచి, మేడల మీంచి, సముద్రం మీదికి పోయిందని చెప్పాలి, టీ కొట్లో అయితే ఆ బంతి మన కాకినాడ రేవులో జాలరికి దొరికి ఉండేది, అలాంటి నాలుక ఎందుకో, తాకాడండి అంది, ఏంటీ, అదేనండి, ఏసుపాదం కర్ర అడ్డంగా పట్టుకుని బంతిని అలా తాకించి కాళ్ళ ముందు పడేశాడండి, తను అవుటైపోయాడు, మిల్లు ఓనరు బొజ్జ మోసుకుంటూ వచ్చి ఇంట్లో పడ్డాడు, మాస్టారు పేపరు పూర్తిగా దించి, ఆ అవుటైనవాడు ఏం చేశాడు అన్నారు, అందరికన్నా వాడే ఎక్కువ నవ్వాడండి, మీరు చెప్పిందే రైటండి, మధ్యలో పాటలు వినబడ్డట్టున్నాయే అన్నారు మాస్టారు పేపరు మడుస్తూ, అవి గెలిచాకండి, గెలిచాకేలే అని, అమ్మాజీగారిని పిలిచి, నేను అప్పాజీ ఇంట్లో ఉంటాను, మజ్జిగ అక్కడికి పంపు, ఇద్దరికీ అన్నారు, చెప్పులు వెతుక్కుంటున్నారు, వయసులో తనకన్నా చిన్నేమీ కాదు, గోడ చుట్టూ తిరిగి రావాలి, నెమ్మదిగానే వస్తారు, ఆ నడక చూస్తూ గోడ మీద చెయ్యి వేసి నిలబడ్డాడు అప్పాజీ, ఇన్నేళ్ళలో చెప్పిన కథలన్నిట్లోనూ కొట్టినవాడు తనే, గెలిచినవాడు తనే, కథ అవగానే అందరూ ఎవరిళ్ళకి వాళ్ళు పోయేవారు, ఓడిపోయినవాడు తనే అయిన కథ ఇదొక్కటే, వినడానికొచ్చేవాడు ఉన్నదీ దీనికే, మూడుకి రెండు నిజం, కాగితాల వాన నిజం, మిల్లు ఓనరు బట్టతల నిజం, ఆఖరి పరుగు ఎలా వచ్చిందో మాత్రం పిల్ల కొబ్బరితోటలో గిరగిరా తిరుగుతుండగా అయిపోయింది, అప్పాజీ చూడలేదు, మండపేటలో ఎవరూ చూడలేదు, ఆ కర్ర అడ్డంగా పట్టించింది అప్పాజీయే.