మా ఆయన కొన్న ఫుట్‌బాల్ క్లబ్బు

మా ఆయన ఒక ఫుట్‌బాల్ క్లబ్బు కొన్నాడు. మొత్తం కాదులెండి. ఆయన పెట్టిన డబ్బుకి గోల్‌పోస్టు వలలో ఓ నాలుగు కన్నాలు ఆయన వాటాకి వస్తాయేమో. కానీ ఆ రోజు ఇంట్లో ఆయన నడక చూస్తే మాత్రం స్టేడియం గడ్డితో సహా ఆయన పేరున రిజిస్టరయినట్టే ఉంది.

మేముండేది దేశం కాని దేశంలో, బుకిట్ పంజాంగ్ అనే పేటలో. క్లబ్బు పేరు పంజాంగ్ రోవర్స్. లీగు పట్టికని కింద నుంచి పైకి చదివితే చాలా గొప్ప జట్టు. మా ఆయన శ్రీనాథ్ బ్యాంకులో ఐటీ ఉద్యోగి. రాజమండ్రిలో పెరిగినన్నాళ్ళూ క్రికెట్ తప్ప ఇంకో ఆట ఉందని నమ్మని మనిషి. ఆయన్ని ఈ క్లబ్బుకి భక్తుణ్ణి చేసింది మా అమ్మాయి అనన్య. రోవర్స్‌కి ఆడపిల్లల జట్టు ఒకటుంది. అందులో అనన్య గోల్‌కీపర్.

అనన్య గురించి ఒక మాట చెప్పాలి. బళ్ళో ఎవరితోనూ కలవదు. ఇంట్లో ఏం అడిగినా "ఓకే" అంటుంది. అన్నం తిన్నావా అన్నా ఓకే, జ్వరమా అన్నా ఓకే. అలాంటి పిల్ల చేతికి ఆ గ్లవ్స్ తొడుక్కుని గోలు ముందు నిలబడిందంటే, మైదానం అవతలున్న రోడ్డు మీదికి వినబడేలా అరుస్తుంది. ఆ అరుపు మొదటిసారి విన్నప్పుడు నేనూ శ్రీనాథూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. మా పిల్లకి గొంతుందని మాకు తెలిసింది ఆ జట్టు వల్లే. అది లేకపోతే ఈ పిల్ల ఏమైపోతుందో అని నాకు లోపల ఎప్పుడూ భయమే.

ఈ ఏడు రోవర్స్ వాళ్ళకి చేతిలో డబ్బులాడలేదు. అప్పు తెచ్చుకుంటే వడ్డీ కట్టాలి, చందా అడిగితే పరువు తక్కువ. అందుకని తెలివిగా "అభిమానులే యజమానులు" అని ఒక పథకం పెట్టి షేర్లు అమ్మకానికి తీశారు. లాభం వస్తుందని ఎక్కడా రాయలేదు, ఆ నిజాయితీకి మెచ్చుకోవాలి. శ్రీనాథ్ మాత్రం లాభం కోసం కాదన్నాడు. మన పిల్ల ఆడే క్లబ్బు, రేపు ఆ జట్టుకి ఏదైనా అయితే నిలబడి మాట్లాడే హక్కు మనకుండాలి కదా అన్నాడు. వినడానికి బాగానే ఉంది. నేనూ కాదనలేదు.

కాదన్నది రాఘవులు అంకుల్ ఒక్కరే. ఆయన మా బ్లాకులోనే ఉంటారు. వాళ్ళ తాతగారు బ్రిటిష్ వాళ్ళ కాలంలో విశాఖపట్నం వైపు నుంచి వచ్చారట. అంకుల్ ఇరవయ్యో ఏట నుంచి రోవర్స్ ఆడిన ఏ మ్యాచీ వదల్లేదు, రోవర్స్‌ని తిట్టని మ్యాచీ కూడా లేదు. కింద తిండికొట్లన్నీ ఒకచోట ఉండే హాకర్ సెంటర్లో కాఫీ తాగుతూ శ్రీనాథ్ తను చేయబోయే ఘనకార్యం చెబితే, ఆయన గ్లాసు కింద పెట్టారు.

"నీకెందుకు బాబూ షేరు? ఇప్పుడు గెలిస్తే మన టీమ్, ఓడితే వాళ్ళ మేనేజ్‌మెంట్. షేరు కొన్నావంటే ఓడినా నువ్వే లా. అప్పుడు ఎవర్ని తిడతావు, కడవులే?"

ఇక్కడివాళ్ళలా మాట చివర "లా" తగిలించడం, దేవుణ్ణి తమిళంలో పిలవడం ఆయనకి అలవాటు. శ్రీనాథ్ నవ్వి, పాతకాలం వాళ్ళు అంకుల్, అన్నాడు నాతో మెట్లెక్కుతూ. పాతకాలం వాళ్ళు కాబట్టి ఆయనకి పెట్టుబడుల సంగతి తెలీదట. బ్యాంకులో పని చేసేవాడు ఇంత కచ్చితంగా చెబుతుంటే నమ్మక ఏం చేస్తాం?

రాహుకాలం వెళ్ళేదాకా ఆగి, లాప్‌టాప్‌కి కుంకుమబొట్టు పెట్టి షేర్లు కొన్నాడు. వచ్చిన సర్టిఫికెట్ ప్రింటు తీసి, లామినేషన్ చేయించి, దేవుడి గూట్లో వెంకటేశ్వరస్వామి పక్కన నిలబెట్టాడు. స్వామివారు ఏమీ అనలేదు.

ఆ తర్వాత మొదలైంది అసలు బాధ. అంతకుముందు గోలు పడితే పక్కవాడి కాఫీ ఒలికేలా గెంతేవాడు. ఇప్పుడు చేతులు కట్టుకుని తలాడిస్తాడు, మేనేజర్‌కి రిపోర్టు వచ్చినట్టు. ఇంకా వెలుతురుండగానే లైట్లు ఎవరేశారంటాడు. కరెంటు బిల్లు ఎవరిదనుకుంటున్నారంటాడు. బంతి గోడ దాటి పోతే నీరసపడిపోతాడు. ఒకరోజు ప్రాక్టీసులో అనన్య వాళ్ళ కోచ్ దగ్గరికి వెళ్ళి, పిల్లలు తాగి పారేసిన నీళ్ళ సీసాలు సగం నిండి ఉంటున్నాయని ఫిర్యాదు చేశాడు. అనన్య ఇంటికొచ్చి, "నాన్నా, యూ ఆర్ నాట్ ద బాస్ లా," అంది. ఓకే తప్ప ఇంకో మాట అన్నందుకు నేను సంతోషించాలో సిగ్గుపడాలో తేల్చుకోలేకపోయాను.

ఇలాంటి సమయంలో దిగాడు గోపీకృష్ణ. సెరంగూన్‌లో కాండో అనే ఖరీదైన అపార్ట్‌మెంట్‌లో ఉంటాడు. మా తెలుగు సంఘంలో పెద్దమనిషి. పదవి ఉన్న ఏడు అధ్యక్షుడు, లేని ఏడు సలహాదారు. వేదిక మాత్రం ఏ ఏడూ దిగడు. షేర్‌హోల్డర్ల నుంచి ఒకరిని బోర్డులోకి తీసుకుంటారని తెలియగానే ఆయనకి ఫుట్‌బాల్ మీద పుట్టెడు ప్రేమ పుట్టుకొచ్చింది. సంఘం వాట్సాప్ గ్రూపులో పిలుపునిచ్చాడు. బంతి గుండ్రంగా ఉంటుందని తప్ప ఇంకేమీ తెలియని వాళ్ళంతా తలో నాలుగు షేర్లు కొన్నారు. ఆయన మా ఇంటికి కూడా వచ్చి, మా సోఫాలో కూర్చుని, ఉప్మా తిని, విషయం చెప్పాడు.

"అన్నా, మనోడొక్కడు బోర్డుల ఉంటే చాలు. ఏ పనన్నా మనం చెప్పినట్టే అయితది. నేను చెయ్యెత్తినప్పుడు మనోళ్ళంతా చెయ్యెత్తాలె, అంతే."

ఇందులో శ్రీనాథ్‌కి వింతేమీ కనబడలేదు. మా సంఘం సర్వసభ్య సమావేశాలు అలాగే జరుగుతాయి మరి. వెనక పులిహోర వాసనొస్తుంటుంది, ముందు కార్యదర్శి తీర్మానాలు చదువుతుంటాడు, ఒకాయన చెయ్యెత్తితే అందరూ ఎత్తుతారు, ఏకగ్రీవం అంటారు, చప్పట్లు, భోజనాలు. తీర్మానంలో ఏముందని అడిగినవాణ్ణి నేనింతవరకు చూడలేదు. అడిగితే భోజనం ఆలస్యమవుతుంది.

క్లబ్బు వార్షిక సమావేశం ఒక శనివారం మధ్యాహ్నం కమ్యూనిటీ హాల్లో పెట్టారు. వాళ్ళు బిస్కెట్లూ టీ అన్నారు. గోపీకృష్ణ ఊరుకుంటాడా? లిటిల్ ఇండియా నుంచి గారెలు, పులిహోర, బొబ్బట్లు తెప్పించి వెనక బల్లల మీద పెట్టించాడు. మనవాళ్ళు వస్తూనే ముందు వరస కుర్చీల మీద కాకుండా, ఆ బల్లల దగ్గరున్న కుర్చీల మీద టిష్యూ ప్యాకెట్లు వేసి, ఇవి మావని ఇక్కడి భాషలో చోప్ చేసుకున్నారు. ఇక్కడికొచ్చి నేర్చుకున్న మంచి పద్ధతుల్లో అదొకటి.

నాకు షేర్లు లేవు. అనన్యకీ లేవు. మమ్మల్ని తాడు కట్టిన వెనక భాగంలో, ఊరికే చూసేవాళ్ళ కుర్చీల్లో కూర్చోమన్నారు. మా పక్కన రాఘవులు అంకుల్. ఆ మధ్యాహ్నం మ్యాచీ ఉన్నట్టే రోవర్స్ టోపీ పెట్టుకొచ్చారు. చేసే పనేమీ లేక, తలుపు దగ్గర ఇచ్చిన తీర్మానాల కాగితం తీసి చదవడం మొదలుపెట్టాను. అదే కాగితం శ్రీనాథ్‌కి రెండు వారాల ముందే మెయిల్లో వచ్చింది. ఆయన దాన్ని చదవలేదు కానీ, గ్రూపులో దండం బొమ్మ పెట్టి అందరికీ పంపాడు.

మొదటిది లెక్కలు. రెండోది ఆడిటర్ నియామకం. మూడోది బోర్డులోకి అభిమానుల ప్రతినిధి. నాలుగోది, "ఆదాయం లేని యువజన కార్యక్రమాల హేతుబద్ధీకరణ". నాలుగు పేరాల తర్వాత చివర్లో దాని అర్థం చిన్నగా రాసుంది. ఆడపిల్లల జట్టు ఈ సీజన్‌తో ఆపేస్తారు. ఒక జట్టుని చంపడానికి ఇంత మర్యాదైన మాటలుంటాయని నాకు అప్పటిదాకా తెలీదు.

నా భుజం మీద నుంచి అనన్య కూడా చదివింది.

"ఇట్స్ ఓకే మమ్మీ," అంది. "నాన్న ఓనర్ కదా. హీ విల్ సే నో."

లేచి తాడు దాకా వెళ్ళాను. అక్కడున్న కుర్రాడు చాలా వినయంగా, ఓటింగ్ అయ్యేదాకా షేర్లున్నవాళ్ళు తప్ప ఎవరూ దాటకూడదన్నాడు. ఫోన్ చేశాను. సమావేశ మర్యాద తెలిసిన మనిషి కాబట్టి శ్రీనాథ్ ఫోన్ ఆపేసి ఉంచాడు. అప్పటికే మూడో తీర్మానం అయిపోయి గోపీకృష్ణ బోర్డు సభ్యుడైపోయాడు, చప్పట్లు మోగుతున్నాయి. ఆయనే ఇప్పుడు వేదిక మీద ఉన్నాడు. నేను తాడు దగ్గర నిలబడి, రెండు చేతులూ అడ్డంగా ఊపాను. శ్రీనాథ్ వెనక్కి తిరిగి చూశాడు. నన్ను చూసి నవ్వాడు. బల్లల వైపు వేలు చూపించి, కుర్చీలు ఆపి ఉంచాన్లే అన్నట్టు బొటనవేలు ఎత్తాడు.

చైర్మన్ నాలుగో తీర్మానం నంబరు మాత్రం చదివి, అనుకూలమైనవాళ్ళు చేతులెత్తండి అన్నాడు. గోపీకృష్ణ వేదిక మీద నుంచే చెయ్యెత్తాడు. పదవిచ్చిన వాళ్ళ పట్ల ఆ మాత్రం కృతజ్ఞత ఉండొద్దూ? మనవాళ్ళంతా ఎత్తారు. అందరికంటే ముందు, అందరికంటే ఎత్తుగా లేచిన చెయ్యి మా ఆయనది.

రాఘవులు అంకుల్ లేచి నిలబడి మలయ్‌లో ఒకటి, తమిళంలో ఒకటి తిట్టారు. చూడ్డానికి వచ్చినవాళ్ళు మాట్లాడకూడదని కూర్చోబెట్టారు. నాకు ఏడుపొచ్చింది. అనన్యకి రాలేదు. ఆ పిల్ల వాళ్ళ నాన్న చేతి వైపే చూస్తూ కూర్చుంది.

సమావేశం అయ్యాక శ్రీనాథ్ రెండు ప్లేట్లలో గారెలు పట్టుకుని వచ్చాడు, అన్నీ ఏకగ్రీవం అంటూ. నేను కాగితం ఆయన చేతిలో పెట్టాను. ఆయన చదివాడు. మళ్ళీ చదివాడు. ప్లేట్లు నా చేతిలో పెట్టి చైర్మన్ దగ్గరికి పరిగెత్తాడు. నేను షేర్‌హోల్డర్ని, మా అమ్మాయి ఆ జట్టులో ఉంది, ఇది మళ్ళీ ఓటుకి పెట్టాలి అన్నాడు. చైర్మన్ ఆయన చెయ్యి రెండు చేతుల్తో పట్టుకుని, మీలాంటి యజమానుల మద్దతుతోనే ఇలాంటి కష్టమైన నిర్ణయాలు తీసుకోగలుగుతున్నాం, థాంక్యూ సర్, అన్నాడు. నిజంగానే అన్నాడు, ఎగతాళి కాదు. ఎగతాళి అయినా కాస్త బాగుండేది.

గోపీకృష్ణ మెడలో అప్పటికే శాలువా పడింది. మొదటి రోజే బోర్డుకి ఎదురెళ్తే బాగుండదన్నాడు. వచ్చే ఏడు చూద్దాం అన్నా, అని బొబ్బట్టు కొరికాడు.

ముగ్గురం ఎల్‌ఆర్‌టీ రైలెక్కి ఇంటికి బయల్దేరాం. కాగితం చూసుకోలేదు, తెలీలేదు, అని శ్రీనాథ్ ఒకసారి అన్నాడు. అనన్య "ఓకే" అంది. ఆ ఓకే వినగానే ఆయన తల కిటికీ వైపు తిప్పేసుకున్నాడు. ఆయన్ని అనడానికి నాకేమీ మిగల్చలేదు ఆ పిల్ల.

ఆ తర్వాత ఆయన చాలా చేశాడు. మెయిళ్ళు రాశాడు, కోచ్ ఇంటికి వెళ్ళాడు, షేర్లు తిరిగిచ్చేస్తానన్నాడు. కొనేవాళ్ళు లేరన్నారు. సీజన్ అయిపోయింది, జట్టు పోయింది. అనన్య గ్లవ్స్ మంచం కింద పెట్టేసింది. ఇంట్లో మళ్ళీ ఓకేలు మొదలయ్యాయి. నెలల తరబడి నేను ఆ గొంతు కోసం చెవులు రిక్కించి కూర్చున్నాను.

చివరికి ఆ పిల్లే వెతుక్కుంది. జురాంగ్ వెస్ట్‌లో ఆడపిల్లల జట్టొకటి ఉందని, గోల్‌కీపర్ కావాలంటున్నారని, తనే వెళ్ళి ఆడి చూపించి వచ్చింది. తీసుకున్నారు. మాకు చెప్పింది అంతా అయ్యాక, అన్నం తింటూ. ఆదివారం పొద్దున మొదటి మ్యాచీ అట.

శ్రీనాథ్ ముద్ద కలపడం ఆపేశాడు. ఒకప్పుడు నీళ్ళ సీసాల మీద విచారణ జరిపించిన యజమాని, పిల్ల మొహం చూడకుండా, కంచంలోకి చూస్తూ అడిగాడు.

"నేను వచ్చి చూడొచ్చా, తల్లీ?"

అనన్య ఆయన వైపు తిరిగింది.

"కమ్ లా," అంది. "కానీ నాన్నా, దీన్ని కొనొద్దు. జస్ట్ చూడు."