బాలమణిని పనిలోకి పిలవాలి

బాలమణి గిన్నెలూ గుడ్డల మూటా రేకుల షెడ్డులోంచి వచ్చి దుమ్ములో పడ్డాయి. విసిరినవాడు గుత్తేదారు మనిషి, మేస్త్రీ దశరథ్. ఢిల్లీ ఆర్.కె. పురంలో మనమంతా రోజూ దాటిపోయే గేటు ముందే జరిగిందిది. లోపల కొత్త క్వార్టర్లు లేస్తున్నాయి. పాలమూరు నుంచి వచ్చిన కూలీలు తట్టలు పట్టుకుని చూస్తున్నారు.

"స్లాబు నడుమల పని ఇడిసి పోతవా? నడువ్ బయటికి!"

"పసిపిల్ల రోడ్డు మీద గిలగిల కొట్టుకుంటుంటె నిన్ను పర్మిషన్ అడగాల్నా?" అంది బాలమణి.

ఆ పిల్ల సహస్ర. పక్క క్వార్టర్లలో ఉండే ప్రభుత్వ గుమాస్తా ఛాయాదేవి కూతురు. ముందురోజు బడి నుంచి వస్తూ మూర్ఛతో గేటు ముందు పడిపోయింది. చేరినవాళ్లు ఫోన్లలో వీడియో తీశారు. బాలమణి తట్ట పారేసి ఉరికింది. పిల్లను పక్కకు ఒత్తిగిలించి, నోటి నురగ తన కొంగుతో తుడిచి, ఆటోలో ఆసుపత్రికి తీసుకుపోయింది. తల్లి వచ్చేదాకా ఆ చిన్న చెయ్యి వదల్లేదు.

చీరా పండ్లూ పట్టుకుని కృతజ్ఞత చెప్పడానికి వచ్చిన ఛాయాదేవి, దుమ్ములో మూట చూసి నిలబడిపోయింది. సంగతి తెలిశాక బాలమణి చేతులు రెండూ తీసుకుని కళ్లకద్దుకుంది.

"నా బిడ్డను నాకిచ్చావు. మా ఇంటికొచ్చేయమ్మా. పనిస్తాను, ఉండటానికి గదిస్తాను."

బాలమణి కళ్లు తడిశాయి. కానీ తల అడ్డంగా ఊపింది.

"నీ మనసు మంచిది అమ్మా. నేను నీ ఇంట్ల దాక్కుంటె వీళ్లేం నేర్సుకుంటరు? పిల్ల సస్తున్నా తట్ట దించొద్దని నేర్సుకుంటరు. రేపు మా పిల్లలు పడితె ఎవ్వరు లేపాలె?"

"మేస్త్రీతోని పెట్టుకోకే. అందరినీ ఎల్లగొడ్తడు," అన్నాడు కూలీల్లో పెద్దవాడు అంకయ్య.

"అందరినీ ఎల్లగొడ్తె స్లాబు ఎవడు పోస్తడన్నా? వాడా?"

ఎవరో మిక్సరు ఆపారు. ఆ నిశ్శబ్దంలో అంకయ్య తలపాగా విప్పి గేటు ముందు పరిచి కూర్చున్నాడు. ఒక్కొక్కరే వచ్చి కూర్చున్నారు. ఛాయాదేవి కూడా వాళ్ల మధ్య కూర్చుంది. బాలమణిని పనిలోకి పిలవాలి. ఆపదలో ఎవరు పని వదిలినా కూలి కోయకూడదు. అదే కేక, మళ్లీ మళ్లీ.

మేస్త్రీ ఫోను చేస్తే పోలీసు వ్యాను వచ్చింది. కూలీల మధ్య కూర్చున్న ఛాయాదేవిని చూసి ఇన్‌స్పెక్టర్ గొంతు తగ్గించాడు.

"మేడమ్, ఆప్ తో సర్కారీ స్టాఫ్ హై. నౌకరీ జాయేగీ."

అంతలో, ఎవరో కబురు చెప్పినట్టున్నారు, భర్త నిరంజన్ ఫోను. "సస్పెండ్ చేస్తారు ఛాయా, వచ్చెయ్!"

"భయంగానే ఉందండీ. నిన్న ఆవిడ కూడా ఉద్యోగం గురించి ఆలోచించి ఉంటే మన పిల్ల ఉండేదా?" అని ఫోను పెట్టేసింది.

కానిస్టేబుళ్లు బాలమణిని రెక్క పట్టి వ్యానులోకి తోశారు. ఛాయాదేవి లేచి ఆమె వెనకే ఎక్కింది.

"ఆప్ ఉతరియే, మేడమ్!"

"ఆమెను దించండి. అప్పుడు దిగుతాను."

తర్వాత అంకయ్య ఎక్కాడు. ఆడకూలీలు ఎక్కారు. బాల్కనీల్లోంచి చూస్తున్న క్వార్టర్ల ఆడవాళ్లు మెట్లు దిగి గేటు దగ్గరికి వచ్చారు. వ్యాను నిండిపోయింది. తలుపు పడటం లేదు. బయట ఇంకా జనం.

లోపల్నుంచి అంకయ్య గొంతు చించుకుని అరిచాడు:

"దూస్రీ గాడీ మంగావో సాబ్! మేమింకా శానా మందిమున్నం!"