పంతొమ్మిది పాయింట్ ఎనిమిది

నేను ఒక బ్లాగును. కాగితం కాదు, కలం కాదు, ఇదిగో అని పట్టుకుని చూపించడానికి నాకు ఒళ్లంటూ లేదు. పేరు మాత్రం ఉంది: "రంగు మారిన చోట". పల్నాడులో ఒక ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పే పసుపులేటి హైమవతి మేడం నన్ను రాస్తారు. పదకొండేళ్లుగా రాస్తూనే ఉన్నారు. చదివేవాళ్లున్నారా అని మీరు అడగబోతున్నారని నాకు తెలుసు. ఆ సంగతి కొంచెం ఆగి చెబుతాను, ఇప్పుడే చెబితే నా నోట మంచి మాట రాదు.

నా పుట్టుక ఏమంత గొప్పది కాదు. కాలేజీకి గ్రేడు ఇచ్చే కమిటీ వస్తోందని తెలియగానే, ప్రతి లెక్చరరూ శనివారంలోగా ఒక బ్లాగు తెరిచి తీరాలని అప్పటి ప్రిన్సిపాల్ సర్క్యులర్ తీశారు. అంతే, ఒక్క వారంలో ఇరవై ఆరుగురం పుట్టాం. కామర్స్ సారు తన బ్లాగులో "స్వాగతం" అని రాసి, కింద తనకు శాలువా కప్పుతున్న ఫొటో పెట్టారు. హిస్టరీ సారు ఆ మాత్రం కూడా కష్టపడలేదు, ఫొటో ఒక్కటే పెట్టారు. కమిటీ వచ్చింది, జాబితా చూసింది, టీ తాగింది, వెళ్లిపోయింది. ఆ తర్వాత నా తోబుట్టువుల మొహం చూసిన నాథుడు లేడు.

మేడం మాత్రం నన్ను వదల్లేదు. తెలుగు మీడియం పిల్లలకు ప్రాక్టికల్స్ గురించి వాళ్ల భాషలో చదువుకోవడానికి సరైనది దొరకడం లేదని ఆవిడ బాధ. మధ్యాహ్నం ల్యాబ్ అయిపోయి, పిల్లలు బస్సుల కోసం పరిగెత్తాక, కిటికీ పక్క బల్ల మీద పాత ల్యాప్‌టాప్ తెరిచి రాసేవారు. గాజు గొట్టంలోంచి వచ్చే వాయువును ముక్కు పెట్టి పీల్చకుండా చేత్తో విసురుకుని ఎలా వాసన చూడాలో రాశారు. వేళ్లకు అంటిన మరక రెండు రోజులైనా ఎందుకు పోదో రాశారు. తప్పు వస్తే కాగితం చింపేయకండి, ఆ తప్పునే రాసి తీసుకురండి, దాని మీదే మాట్లాడుకుందాం అని ఒకసారి బతిమాలినట్టు రాశారు. ఎంత బాగా రాశారో! నా గొప్ప కాదు, ఆవిడదే.

ఇక చదివేవాళ్ల సంగతి. వచ్చేవాళ్లకేం కొదవ లేదు. పరీక్షల ముందు వారం నా గుమ్మం అరిగిపోతుంది. ఎవరు ఏం వెతుక్కుంటూ నా దగ్గరికి వచ్చారో నాకు తెలుస్తుంది కదా, చెబుతాను వినండి. "కెమిస్ట్రీ రికార్డు". "రికార్డు ఫుల్ ఆన్సర్లు". "ఇంపార్టెంట్ క్వశ్చన్స్". వస్తారు, అంకె దొరికేదాకా వేలితో పైకి తోస్తారు, ఫొటో తీసుకుంటారు, పోతారు. ఆవిడ గంటసేపు కూర్చుని రాసిన పేరాలన్నీ వాళ్ల బొటనవేలి కింద జారిపోతాయి. పదకొండేళ్లలో కామెంట్లంటే "సూపర్ మేడం", "ఇంపార్టెంట్స్ పెట్టండి మేడం", ఒకడైతే "మేడం ఇది మా సిలబస్సేనా". ఒళ్లు మండదా మీకైతే?

అసలు కథ నాలుగేళ్ల కిందటి ఒక పోస్టు దగ్గర ఉంది. ఆక్జాలిక్ ఆమ్లంలోకి బ్యూరెట్ అనే గీతల గొట్టం నుంచి పర్మాంగనేట్ ద్రావణం చుక్క చుక్కగా వదిలే ప్రయోగం అది. పడిన చుక్క గులాబీ రంగుగా మెరిసి మాయమైపోతుంటుంది. మాయం కాకుండా నిలిచిన చోట ఆపి, బ్యూరెట్ మీద అంకె చూసుకోవాలి. కానీ ఆమ్లాన్ని ముందు వేడి చేయాలి, చల్లగా ఉంటే మొదటి చుక్కల రంగే ఒక పట్టాన పోదు. మేడం ఆ మాట రాశారు. వాక్యం నచ్చక చెరిపేశారు, ఇంకోలా రాద్దామని. ఇంతలో హాజరు పట్టీలు పంపమని ఆఫీసు నుంచి ఫోన్. ఆ కంగారులో పోస్టు నొక్కేసి లేచి వెళ్లారు. చివర్లో ఆ రోజు తనకు వచ్చిన రీడింగు ఉంది: పంతొమ్మిది పాయింట్ ఎనిమిది. వేడి చేయమన్న మాట మాత్రం లేదు.

క్లాసులో ఆవిడ నోటితో వేడి చేయమనే చెప్పేవారు, కాబట్టి ఆవిడకు అనుమానం రాలేదు. నాకు తెలుసు. తెలిసి ఏం లాభం, నాకు నోరేదీ? కడుపులో ఆ మాట పోయిన గుంట పెట్టుకుని నాలుగేళ్లు కూర్చున్నాను. ఎవరో ఒకరు నేను చెప్పినట్టు చేస్తారు, రంగు పోదు, "ఏంటి మేడం ఇది" అని అడుగుతారు అని కళ్లు కాయలు కాచేలా చూశాను. పన్నెండు వందల మంది ఆ పోస్టు చూశారు. ఒక్కరూ అడగలేదు. ఎందుకంటే ఒక్కరూ చేయలేదు. బ్యూరెట్ కుళాయి తిప్పి, పంతొమ్మిది పాయింట్ ఎనిమిది గీత దాకా దించి, రికార్డులో వేసుకోవడం. ఏటా క్లాసు క్లాసంతటికీ అదే రీడింగు.

దీనికి మేడం ఏమనుకున్నారో తెలుసా? ల్యాబ్ అటెండర్ కోటిలింగం ద్రావణాన్ని అంత కచ్చితంగా కలుపుతున్నాడని మురిసిపోయారు. "నీ చేతిలో త్రాసు ఉందయ్యా" అని మెచ్చుకున్నారు కూడా. అతను వద్దనకుండా ఆ మెప్పు పుచ్చుకున్నాడు.

ఈ జనవరిలో ప్రాక్టికల్ పరీక్ష వచ్చింది. మేడంకు ఆ రోజు వేరే కాలేజీలో పరీక్షకురాలిగా డ్యూటీ పడింది. ఇక్కడికి బయటి నుంచి ఒక సారు వచ్చారు. ఆఖరి సంవత్సరంలో నలభై ఒక్క మంది. వాళ్లలో అంకమ్మ అనే అమ్మాయి, మిరపకాయల కోతలప్పుడు ఇంట్లోవాళ్లతో చేలోకి వెళ్లాల్సి వచ్చి, సరిగ్గా ఈ ప్రయోగం రోజున క్లాసుకు రాలేదు. అందుకని నన్ను చదువుకుంది. పైనుంచి కిందదాకా, ఒక్క అక్షరం వదలకుండా మూడుసార్లు చదివింది. నాకు ఎంత సంతోషం వేసిందో, అంత భయమూ వేసింది.

భయపడ్డట్టే అయింది. చలి ఉదయం, చల్లటి ఆమ్లం. మొదటి చుక్కలకే గులాబీ రంగు నిలిచిపోయింది. అంకమ్మ ఫ్లాస్కు కడిగి మళ్లీ చేసింది, మళ్లీ అంతే. పక్క బల్ల అమ్మాయి "పంతొమ్మిది పాయింట్ ఎనిమిది వెయ్యవే పిచ్చిదానా" అని గొణిగింది. అంకమ్మ వేయలేదు. "రంగు పోలేదు, రీడింగు సున్నా పాయింట్ నాలుగు" అని రాసి ఇచ్చింది. యాభైకి నాలుగు మార్కులు వచ్చాయి. మిగిలిన నలభై మందికీ నలభైకి పైనే.

నాలుగు మార్కులంటే ఫెయిల్. ఊరి బయట మసాలాల కంపెనీ ల్యాబ్‌లో ఆ అమ్మాయికి ఉద్యోగం ఖాయమైంది, ఒక్క సబ్జెక్టు కూడా మిగలకూడదన్న షరతు మీద. ప్రాక్టికల్ పోతే ఉద్యోగం పోయినట్టే. ఆ సాయంత్రం నా మీద ఒక కామెంటు పడింది, ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టిన తెలుగు: "మేడం, మీరు రాసినట్టే చేశానండి. రంగు పోలా. పోయిందని అబద్ధం రాయబుద్ధి కాలా. ఫెయిలంటున్నారు. నేనేం తప్పు చేశానో చెప్పండి మేడం." పదకొండేళ్లలో నాకు వచ్చిన మొదటి అసలు ప్రశ్న అది. అది కూడా ఏడుస్తూ వచ్చింది.

మేడం ఆ పోస్టు తెరిచి చదువుకున్నారు. గుంట దగ్గరికి వచ్చి ఆగిపోయారు. తర్వాత కింద జవాబు రాశారు: "నువ్వేం తప్పు చేయలేదమ్మా. రేపు పొద్దున తొమ్మిదింటికి ల్యాబ్‌కి రా."

శుక్రవారం పొద్దున ఇద్దరూ కలిసి నేను చెప్పినట్టే చల్లగా చేశారు. రంగు పోలేదు. మేడం బ్యూరెట్ కుళాయి కట్టేశారు.

"నాలుగేళ్లమ్మా," అన్నారు. "నాలుగేళ్లు ఇంత తప్పు పెట్టుకుని నేను వీళ్లకి పాఠాలు చెబుతున్నా."

"పోనీలెండి మేడం, ఎవురూ చూళ్లేదుగా," అంది అంకమ్మ, ఓదార్పు అనుకుని.

"అదేనే నా ఏడుపు," అన్నారు మేడం.

మార్కులు యూనివర్సిటీకి ఎక్కించడానికి శనివారం సాయంత్రం దాకా గడువుంది. బయటి సారు రెండో బ్యాచి కోసం ఇంకా కాలేజీలోనే ఉన్నారు. తప్పు బ్లాగుదని కాగితం మీద రాసి ఇస్తే అంకమ్మకు మళ్లీ పరీక్ష పెడతానన్నారాయన. ఆ కాగితం మీద ప్రిన్సిపాల్ సంతకం కావాలి. ఇప్పటి ప్రిన్సిపాల్ వీరరాఘవయ్య గారికేమో మంగళవారం మళ్లీ కమిటీ. ఈసారి వాళ్లకు చూపించడానికి పెద్ద అక్షరాల్లో ముద్రించి గోడకు అంటించింది నన్నే, ఎంతమంది చూశారో ఆ లెక్కతో సహా.

"ఇప్పుడా మేడం మీకు ఈ గోల?" అన్నారాయన. "మన బ్లాగు తప్పని మనమే సంతకాలు పెట్టి ఇస్తామా? ఒక్క పిల్ల కోసం కాలేజీ పరువు తీసుకుంటామా చెప్పండి."

"చేసి చూసింది ఆ ఒక్క పిల్లేనండి," అన్నారు మేడం. "సంతకం పెట్టండి సార్. లేకపోతే నేనే వెళ్లి కమిటీకి చెబుతాను."

ఆయన పెట్టారు. పెట్టి, గోడ మీది నా కాగితం పీకించి, జాబితాలోంచి నా పేరు కొట్టేశారు. మంగళవారం కమిటీకి కామర్స్ సారు శాలువా ఫొటో చూపించారట. బాగుందన్నారట.

ఆ శుక్రవారమే మళ్లీ పెట్టిన పరీక్షలో అంకమ్మ ఈసారి ఆమ్లం వేడి చేసింది. చుక్క పడుతోంది, మెరుస్తోంది, పోతోంది. ఎంతసేపని కూర్చుంటారు, బయటి సారు కూడా టీ గ్లాసు పక్కన పెట్టి లేచి వచ్చారు. రంగు నిలిచిన చోట అంకె చూస్తే ఇరవై ఒకటి పాయింట్ మూడు. కొత్త సీసాలోని పర్మాంగనేట్‌తో కలిపిన ద్రావణం, పాత అంకె ఎందుకు వస్తుంది? ఆయన తానే ఒకసారి చేసి చూసుకున్నారు. అంతే వచ్చింది. అంకమ్మకు నలభై ఆరు వేశారు.

తర్వాత మిగతా నలభై కాగితాలు ముందేసుకుని, "మరి వీళ్లందరికీ పంతొమ్మిది పాయింట్ ఎనిమిది ఎట్టా వచ్చింది మేడం?" అని అడిగారు. కోటిలింగం నేల చూపులు చూశాడు. మేడం నోరు విప్పబోతుంటే ప్రిన్సిపాల్ గారు అడ్డు వచ్చి, నలభై మంది ఫెయిలైతే పేపర్లోకి ఎక్కుతామని చేతులు పట్టుకున్నంత పని చేశారు. ఆ మార్కులు అలాగే వెళ్లిపోయాయి. దొంగ అంకె వేసిన నలభై మందీ హాయిగా పాసు, నిజం రాసిన పిల్లేమో రెండుసార్లు పరీక్ష రాయాలి. ఎక్కడి న్యాయమండీ ఇది?

ఆ మధ్యాహ్నమే మేడం నా మీద ఎర్ర అక్షరాల్లో సవరణ పెట్టారు: వేడి చేయమన్న మాట, శుక్రవారం వచ్చిన కొత్త రీడింగు, కింద ఒక వాక్యం. క్లాసుకు వెళ్లి నలభై మందికీ చెప్పారు: "మీ మార్కులు మీరే ఉంచుకోండి. రేపంతా ల్యాబ్ తెరిచి ఉంటుంది. వచ్చి మీ చేత్తో చేసి, మీకు ఏం వస్తే అది రాసి సోమవారం ఇవ్వండి. ఇవ్వనివాళ్ల హాల్ టికెట్ మీద నేను సంతకం పెట్టను."

శనివారం కోటిలింగం బ్యూరెట్లు నింపి, ఆమ్లం వేడి చేసే దీపాలు సర్ది కూర్చున్నాడు. ల్యాబ్‌కి ముగ్గురు వచ్చారు, ల్యాబ్ కోట్లు వేసుకుని ఫొటోలు దిగి వెళ్లారు. నా దగ్గరికి మాత్రం ఆ రోజు బిలబిలమంటూ వచ్చారు. ఎర్ర అక్షరాలు చూడటానికే కదా అని నేనూ మురిశాను. ఇన్నాళ్లకు చదువుతున్నారు అనుకున్నాను, నా తెలివి తెల్లవారినట్టే ఉంది.

సోమవారం నలభై రికార్డులు బల్ల మీదికి వచ్చాయి. మేడం ఒక్కోటి తెరిచారు. ఆమ్లం వేడి చేశాము. రీడింగు ఇరవై ఒకటి పాయింట్ మూడు. దాని కింద, ప్రతి రికార్డులోనూ, గుండ్రటి చేతిరాతలోనూ వంకర చేతిరాతలోనూ, ఒకే వాక్యం: "ఈ మాట రాయడం మరిచిపోయింది నేనే. తప్పు పూర్తిగా నాది. పి. హైమవతి, కెమిస్ట్రీ లెక్చరర్."

పదిహేనో రికార్డు దగ్గర ఆవిడకు నవ్వొచ్చింది. ఇరవయ్యో దాని దగ్గర కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకున్నారు. నలభై చూసి పక్కన పెట్టి, ల్యాప్‌టాప్ తెరిచి నా దగ్గరికి వచ్చారు. నన్ను చంపేస్తారనుకున్నాను. చంపినా తప్పులేదనిపించింది.

ఆవిడ ఒక్కో పోస్టూ తెరిచి అంకెలు తీసేయడం మొదలుపెట్టారు. రీడింగులు, రంగులు, ఫలితాలు, అన్నీ. ఎలా చేయాలో ఉంచారు, ఏం వస్తుందో తీసేశారు. నూట ఎనభై పోస్టులు, నెల రోజుల సాయంత్రాలు పట్టింది. ఇప్పుడు ప్రతి పోస్టు చివరా ఒక ఖాళీ గీత ఉంటుంది, అంతే. వచ్చేవాళ్లు పడిపోయారు. పరీక్షల వారంలో కూడా పదిమంది దాటడం లేదు. ఆ పదిమందీ తిట్టుకుంటూ పోతారు. అంకమ్మ మసాలాల కంపెనీలో చేరిందని కోటిలింగం చెబితే విన్నాను.

మొన్న కొత్త బ్యాచి కుర్రాడొకడు ఆక్జాలిక్ పోస్టు కింద కామెంటు పెట్టాడు: "మేడం, రీడింగు ఎంత?"

మేడం వెంటనే జవాబు రాశారు: "నీకెంత వచ్చింది?"

మూడు రోజులైంది. ఆ కుర్రాడు ల్యాబ్‌కి వెళ్లాడో, ఇంకో బ్లాగు వెతుక్కుంటూ పోయాడో నాకు తెలియదు.