స్టిక్కరు కింది తెలుపు

ఆదివారం ఆరాధనలో చివరి పాటకు ముందు సంఘపెద్ద కృపాకర్ మైకు అందుకున్నాడు. మూడేళ్ల కింద తండ్రి జ్ఞాపకార్థం తానిచ్చిన ఎలక్ట్రిక్ గిటారు మారిపోయిందన్నాడు. ప్రార్థన చేసి అప్పగించిన నాటి ఫొటోలో అది పాలలా తెల్లగా ఉందట. ఇప్పుడున్నది పచ్చబడిన పాత సరుకట. అసలుది అమ్ముకొని, మార్కాపురంలో పాతది కొని, తండ్రి పేరు స్టిక్కరు దానికి అంటించారన్నాడు. ఆ పని ఎవరు చేశారో మాత్రం చెప్పలేదు. తర్లుపాడులోని ఆ చిన్న సంఘంలో గిటారు ముట్టుకునేది స్టెల్లా ఒక్కతే.

ఆమెకు ఒళ్లు మండిపోయింది. ఆ గిటారును బీరువాలో పెడదామని మొదటి వారమే అడిగింది ఆమె. ఆ మందిరంలో ఫ్యాను రెక్కల మీదా, కుర్చీల వీపుల మీదా దాతల పేర్లే ఉంటాయి. బీరువాలో పెడితే పేరెవరికి కనబడుతుందని కృపాకరే దాన్ని పడమటి కిటికీలో, రోడ్డు వైపు ముఖం పెట్టి నిలబెట్టించాడు. ఆ కిటికీకి తలుపుల్లేవు, ఊచలే. మధ్యాహ్నం మొదలుకొని పొద్దు వాలేదాకా ఎండ నేరుగా దాని మీదే. తెల్లరంగు పైనున్న వార్నిష్ ఆ ఎండకు పసుపెక్కింది. రెండో వేసవిలో ఆ సంగతీ చెప్పింది. రంగుతో పనేముంది, పాట వస్తే చాలదా అన్నాడు.

స్టెల్లా గిటారును వెనక్కి తిప్పి చూపింది. ఎండ తగలని వెనుక భాగం తెల్లగానే ఉంది.

“వెనక రంగేయించి ఉంటారు,” అన్నాడు కృపాకర్.

“స్టిక్కరు కింద గూడ రంగేసిందేమో చూడు, కృపన్నా,” అంది చాప మీద కూర్చున్న ఆడవాళ్లలోంచి యేసుమణి. జనం నవ్వారు.

స్టెల్లా నవ్వలేదు. ముందువైపు తిప్పి, విడివిడిగా కత్తిరించి అంటించిన స్టిక్కరు ఎర్రటి అక్షరాలను ఒక్కొక్కటే గోటితో గీకి లేపింది. పసుపెక్కిన చెక్క మీద కృపాకర్ తండ్రి పేరు తెల్లగా బయటపడింది. స్టిక్కరు మొదటినుంచీ ఈ గిటారు మీదే ఉంది గనుక దాని అడుగుకు ఎండ చేరలేదు. నిన్నో మొన్నో అంటించినదైతే అక్షరాల కిందా పసుపే ఉండేది. వివరించవలసిన పని లేకపోయింది. ముందు వరసలో వాళ్లు లేచి వచ్చి చూసి, వెనక వాళ్లకు చెప్పారు.

కృపాకర్ మైకు ఆపి బల్ల మీద పెట్టాడు. స్టెల్లా దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి, ఎండ చేసినదానికి ఎవరేం చేస్తారు, పాటెత్తుకోమన్నాడు.

“ఎండ చేసింది కాదు, పెదనాయనా. ఎండలో పెట్టించింది నువ్వు. నన్ను దొంగను చేసింది నువ్వు. అందరూ విన్నారు.”

“వచ్చే ఆదివారం చెప్తాలేమ్మా.”

“అయితే పాట గూడ వచ్చే ఆదివారమే.”

ఆమె గిటారును ఒళ్లో పెట్టుకొని కూర్చుంది, తీగల మీద చెయ్యి వెయ్యలేదు. ఎనభైమంది పాట కోసం చూస్తున్నారు. పాస్టరు తల వంచుకున్నాడు. చివరికి కృపాకర్ మైకు తీసుకొని ఏదో గొణిగాడు. మొదటి వరసకే వినబడలేదు.

స్టెల్లా లేచి, అతని చేతిలోని మైకు స్విచ్చి తానే నొక్కి, మళ్లీ వచ్చి కూర్చుంది.