నురగ గట్టిపడే వేళ

అమీనుద్దీన్ చెక్కపెట్టె లోపలి గోడలకు ప్లాస్టిక్ కాగితం పరుస్తూ, మడత కనిపించిన చోటల్లా అరచేత్తో సాపు చేస్తున్నాడు. మడత ఉంటే, అందులో పోసే నురగ గట్టిపడి పరుపు దిమ్మె అయ్యాక దాని మీద గీత పడుతుంది. వంగినప్పుడల్లా ఛాతీలో సన్నగా ఈల మోగుతోంది. అది సేటు చెవిన పడకుండా గొంతు సవరించుకుంటున్నట్టు నటిస్తున్నాడు.

సేటు రాజనర్సు షెడ్డు గుమ్మంలో నిలబడి మెడలో ఉద్యమ కండువా సర్దుకున్నాడు.

"బంద్‌ల పని నడుస్తుందని తెలిస్తే ఇజ్జత్ పోతది అమీన్ భాయ్. బయట తాళమేసి పోత. దిమ్మె పోసి సప్పుడు జెయ్యక కూసో. ధర్మపురి లాడ్జోళ్లకు పరుపులు ఇయ్యాలె."

"కరెంటు లేదు గద సేట్. గాలి గుంజే ఫ్యాన్ తిరగది."

"బొగ్గుబాయిల సమ్మె అయిపోయేదాంక కరెంటు గింతే. చేత్తోని కలుపు. నీతోని గాకుంటే చెప్పు, ఇంకోన్ని చూస్త."

"అయితది సేట్."

షట్టరు దిగింది. తాళం పడింది. లోపల తానున్నట్టు ఎవరికీ తెలియకపోవడం అతనికీ ఊరటగానే ఉంది. నిన్న కోరుట్ల రోడ్డు మీద తెలంగాణ కోసం ధర్నాకు కూర్చున్నవాళ్లలో అతనూ ఒకడు. ఇవాళ పని చేస్తూ దొరికితే వాళ్ల ముందు తలెత్తలేడు.

చిన్నప్పుడు సిరిసిల్లలో తండ్రి వెంట దూదేకుతూ ఇల్లిల్లూ తిరిగాడు. దూదికి మెత్తదనం కొట్టగా కొట్టగా వచ్చేది. ఇక్కడ రెండు ద్రవాలు కలిస్తే చాలు. ఇన్నేళ్లలో ఈ పరుపు మీద ఒక్క రాత్రీ పడుకోలేదు. పడుకుంటే ఊపిరాడదు, గోడకానుకొని కునుకు తీస్తాడు.

ద్రవాలు రెండూ బకెట్లో పోసి కట్టెతో గబగబా కలిపాడు. తేనెరంగు పోయి పాలలా తెల్లబడగానే పెట్టెలో పోశాడు. నురగ పొంగుతూ పొంగుతూ ఛాతీ ఎత్తుకు లేచింది. పైన బుడగలన్నీ ఒక్కసారిగా చిట్లి, దిమ్మె నిట్టూర్చింది. ఆ నిట్టూర్పు రాకుంటే లోపల గాలాడక, చల్లారాక ముడుచుకుపోతుంది. దాని కోసం అతను రోజూ చెవి ఒగ్గుతాడు. వెంటనే ఘాటైన ఆవిరి ముఖాన కొట్టింది. ఇవాళ దానికి బయటికి దారి లేదు.

దిమ్మె చుట్టూ పెట్టె పలకలు విప్పుతుండగా దగ్గు తన్నుకొచ్చింది. తువ్వాలు నోట్లో కుక్కుకున్నాడు. బయట రోడ్డు మీద వంటావార్పు నడుస్తోంది. షట్టరు పక్కనే టీ హోటల్ లింగన్న గొంతు వినిపించింది.

"అమీన్ భాయ్ కనవడ్తలేడేంది సేట్? నిన్న నా పక్కనే కూసుండె."

"ఇంటికాడ పండుకున్నడేమో."

"గాయిన పండుకునుడా? పరుపులు జేసేటోనికి నిద్రెక్కడిది." ఎవరో నవ్వారు. "అస్తే జెప్పు, పప్పన్నం తీసివెడ్త."

అమీనుద్దీన్ చెయ్యి షట్టరు దాకా లేచింది. ఒక్కసారి కొడితే చాలు. తాళం తీశాక లింగన్న ముఖం ఎలా ఉంటుందో ముందే కనిపించింది. కోపం ఉండదు. ఎవరో తెలియనివాణ్ణి చూసినట్టు చూపు తిప్పుకుంటాడు, అంతే.

చెయ్యి దించుకున్నాడు. గాలి ఛాతీలోకి పోతోంది, బయటికి రావడం లేదు. వెనక్కి జరిగి దిమ్మె పక్కన కూలబడ్డాడు. అది ఇంకా వెచ్చగా, పూర్తిగా గట్టిపడకుండా ఉంది. బయట పాట మొదలైంది. పల్లవి అందుకోవాలని అతని పెదవులు కదిలాయి.

పొద్దుగూకాక రాజనర్సు తాళం తీసేసరికి అతను దిమ్మెకు చెంప ఆనించి కూర్చునే ఉన్నాడు.

"అమీన్ భాయ్."

మళ్లీ పిలిచాడు. తర్వాత కండువా తీసి జేబులో కుక్కుకొని, మనుషుల కోసం రోడ్డు మీదికి పరుగెత్తాడు.

అమీనుద్దీన్‌ను మోసుకుపోయాక షెడ్డులో దిమ్మె మిగిలింది. దాని ఒక వైపు మీద, ఒక చెంప, ఒక భుజం పట్టేంత గుంట, అంచులు గట్టిపడి ఉంది.